ఎమ్మెస్సీ బయోటెక్ అయిపోయింది. ల్యాబ్‌లకు పోవాల్నా, క్లినికల్ ట్రయల్స్‌కా? మన వరంగల్ వాళ్లు జర చెప్పుండ్రి

పర్కాల_పిల్లగాడు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది పర్కాల పక్కన పల్లె. బాపు పత్తి, మిర్చి ఏస్తడు. కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఈ ఎండాకాలం అయిపోయింది. ఇంట్ల చదువుకున్న మొదటోన్ని నేనే, అడుగుదామంటే తెలిసినోళ్లు ఎవ్వరు లేరు.

నా ముంగట రెండు దారులున్నయ్. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (నెలనెలా పైసలిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీకి పోవుడు ఒకటి. హైదరాబాద్‌ల క్లినికల్ రీసెర్చ్, అంటే మందులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్ పని, దాని డిప్లొమా చేసుడు ఇంకొకటి. డిప్లొమా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షకు పైన అడుగుతున్నరు, నూటికి నూరు ప్లేస్‌మెంట్ అంటున్నరు. బాపు మిర్చి అమ్మినంక కడ్త అంటున్నడు. మా సీనియర్ ఒకాయన మాత్రం "ట్రయల్స్ అంటే ఫైళ్లు మోసుడే, సైంటిస్ట్ కావాలనుకుంటే అటు పోకు" అన్నడు.

నాకు పెద్దగ కోరిక ఏందంటే, ఒక మందు ల్యాబ్‌ల పుట్టిన కాన్నుంచి మనిషి దాంక పోయే తొవ్వ మొత్తం చూడాలె. గసొంటి పని చేసినోళ్లు మన దిక్కున ఎవరన్న ఉన్నరా?

హన్మకొండ_క్యూసీ · సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందుగాల బాపును మిర్చి పైసలు కట్టనియ్యకు. ఆ డిప్లొమా నేను చేసిన. ఆర్నెల్లల్ల వాళ్లు చెప్పింది జీసీపీ నియమాలు (ట్రయల్స్ ఎట్ల నడపాలె అనేటివి), ఫారాలు నింపుడు, ట్రయల్ దశల పేర్లు. ఇవన్నీ ఉచితంగ దొరికే ఆన్‌లైన్ కోర్సులల్ల ఉన్నయ్. ప్లేస్‌మెంట్ అని చెప్పి ఒక డేటా ఎంట్రీ ఆఫీసుకు పంపిన్రు. నేను నాలుగు నెలలు చేసి, శామీర్‌పేట దిక్కు ఒక టీకాల కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌కు మారిన. అక్కడ నన్ను తీసుకున్నది డిప్లొమా చూసి కాదు, ఎలీసా ప్లేటు (యాంటీబాడీల అసొంటివి కొలిచే పరీక్ష) చేతితోని చేసిన అనుభవం చూసి.

జేఆర్‌ఎఫ్ వస్తే మటుకు ఇడువకు. 2023 నుంచి నెలకు 37,000 ఇస్తున్నరు, ఇంటికింత పంపొచ్చు.

సుబేదారి_డాక్టర్ · సోమవారం, రాత్రి 11:02

నేను ఎండీ చేసిన డాక్టర్‌ని. కొన్ని ట్రయల్స్‌కి ఇన్వెస్టిగేటర్‌గా, అంటే ఆస్పత్రిలో ట్రయల్ నడిపే డాక్టర్‌గా పనిచేశాను. మీ సీనియర్ చెప్పిన "ఫైళ్లు మోసుడు" మాటకు నాకు బాధ కలిగింది, అందుకే రాస్తున్నాను.

ట్రయల్‌లో ఉన్న మనిషికి ఏదైనా తీవ్రమైన ఇబ్బంది వస్తే, అది మందు వల్ల వచ్చినా రాకపోయినా, 24 గంటల్లోపు డ్రగ్ కంట్రోల్ వాళ్లకూ, స్పాన్సర్‌కూ (ట్రయల్ చేయించే కంపెనీ), పాల్గొనేవాళ్ల రక్షణ చూసే ఎథిక్స్ కమిటీకీ తెలియజేయాలి. 2019 క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం అది నా బాధ్యత. అర్ధరాత్రి వార్డులో నేను పేషెంట్‌ని చూస్తుంటే, పక్కన కూర్చుని ఏ పూట ఏ డోసు పడింది, ముందు రోజు జ్వరం ఎంత, వేరే మందులేమైనా వాడారా అని కాగితాలన్నీ సరిచూసి ఇచ్చే కోఆర్డినేటర్ లేకపోతే నేను ఆ పని చేయలేను. నా దగ్గర పనిచేసిన అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. మేం ఇద్దరు డాక్టర్లం చూసీ చూడనట్టు వదిలేసిన ఒక లివర్ రిపోర్టుని ఆమే పట్టుకుంది.

అయితే ఒక హద్దు తెలుసుకోవాలి. ఇన్వెస్టిగేటర్ కావాలంటే వైద్య డిగ్రీ ఉండాలి. పేషెంట్ ఆరోగ్యానికి సంబంధించిన తీర్పు డాక్టర్‌దే. మిగతా దారులన్నీ మీకు తెరిచే ఉంటాయి.

జమ్మికుంట_తమ్ముడు · మంగళవారం, ఉదయం 7:20

ట్రయల్స్ గురించి మంచిగ రాస్తున్నరు గని, మా దిక్కు జరిగింది సుత చెప్పాలె. 2017ల జమ్మికుంట, హుజూరాబాద్ పిలగాండ్లు పైసల కోసం మందు పరీక్షలకు పోతున్నరని పేపర్లల్ల వచ్చింది, మీకు యాదికుండొచ్చు. మా పెద్దమ్మ కొడుకు ఆ తీరుగనే పోయేటోడు. రెండు మూడు రోజులు అక్కడ పండుకుంటే, రక్తం తీసుకుంట పోతరు, వేలల్ల పైసలిస్తరు. ఒక్క కాడ అయిపోంగనే ఇంకో ఊర్ల ఇంకో కాడ. చేతికి సూది గుర్తులు కనవడొద్దని ఎండాకాలం సుత ఫుల్ చేతుల అంగీ ఏసుకునేది. అప్పు తీరింది గని మనిషి గుంజుకపోయిండు. ఇప్పటికి బరువు పని చెయ్యలేడు. అది మందు వల్లనో, ఇంకేంటికోనో ఎవ్వరు తేల్చలేదు.

గందుకే అడుగుతున్న. ఈ పనిని ఒక తమ్మునికి చెయ్యుమని ఎట్ల చెప్తరు?

నర్సంపేట_ఆడబిడ్డ · మంగళవారం, రాత్రి 8:30

పొద్దుగాల నుంచి ఈ చర్చ చదువుతున్న. నేను పెద్దగ రాయను ఇక్కడ, ఇయ్యాల రాయాలనిపించింది. మాది నర్సంపేట. ఇంటర్ అక్కడ, డిగ్రీ హన్మకొండ, ఎమ్మెస్సీ మన కేయూల. 20 ఏండ్ల పైన టీకాల పరిశోధనల ఉన్న. సగం ల్యాబ్‌ల, సగం క్లినికల్ డెవలప్‌మెంట్‌ల. పేరు, సంస్థ చెప్పను.

ముందు జమ్మికుంట తమ్మునికి. మీ అన్న పోయినయ్ బీఈ (బయోఈక్వివలెన్స్) స్టడీలు అయ్యుంటయ్. మార్కెట్‌ల ఉన్న మందునే ఇంకో కంపెనీ తయారుచేస్తే, అది రక్తంల మొదటిదాని లెక్కనే కలుస్తుందా లేదా అని ఆరోగ్యంగ ఉన్నోళ్ల మీద చూస్తరు. ఒక స్టడీకి, ఇంకో దానికి నడుమ మామూలుగ మూడు నెలలు ఆగాలె. ఒంట్ల పాత మందు లేకుండ పోవాలె, పోయిన రక్తం మల్ల పట్టాలె. మనిషి దాచిపెట్టి ఇంకో కాడికి పోతే ఆ స్టడీల లెక్క సుత తప్పే వస్తది. అంటే మీ అన్నకు నష్టం, ఆ మందు రేపు మింగేటోళ్లకు సుత నష్టం. "ఆయననే అబద్ధం చెప్పిండు" అని చేతులు దులుపుకునేటోళ్లను నేను చూసిన. అప్పులున్నోడు అబద్ధం చెప్తడని ముందే తెలిసి సుత ఆపే ఏర్పాటు చెయ్యకపోవుడు నడిపించేటోళ్ల తప్పే. ఈ పనిల మంచోళ్లు ఉండాలనేది గందుకే.

ఇగ పర్కాల తమ్ముడూ, నీకు నా కథ చెప్త.

నా పీహెచ్‌డీ హైదరాబాద్‌ల. ఒక వైరస్ ప్రోటీన్‌ను ఈస్ట్‌ల (పిండి పులియబెట్టే సూక్ష్మజీవి), దాంట్ల ఆ వైరస్ జీన్ పెట్టి, తయారు చెయ్యాలె. అప్పటికే మన శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు 1997ల హెపటైటిస్-బి టీకా గట్లనే ఈస్ట్‌ల చేసి బయటికి తెచ్చిన్రు, మాకందరికీ అదే ఊపు. నాలుగో ఏడు నాకు జెల్ మీద (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసేది) ఒక గీత కనవడ్డది. నేను అనుకున్న సైజుల, అనుకున్న కాడనే. ఎనిమిది నెలలు ఆ గీత మీదనే పనిచేసిన. ఇంటికి ఫోన్ జేసి "అయ్యింది బాపు" అని సుత చెప్పిన. ఒకనాడు మా గైడ్ సార్ జెల్ ఫొటోను కిటికీ కాడ వెలుతురుకు పెట్టి చూసి, "ఖాళీ లేన్ ఏదమ్మా?" అన్నరు. లేన్ అంటే జెల్ మీద ఒక్కో నమూనా నడిచే వరస. మా జీన్ పెట్టని ఉత్త ఈస్ట్‌ను సుత పక్క లేన్‌ల నడపాలె. నేను పొదుపు చేద్దామని నడపలేదు. తెల్లారి నడిపిన. ఆ ఉత్త ఈస్ట్‌ల సుత అదే గీత, అదే కాడ. ఎనిమిది నెలలు నేను చూసుకుంట మురిసింది ఈస్ట్ సొంత ప్రోటీన్‌ను.

ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూసున్న. ఏడ్పు రాలే. ఖాళీ లేన్ లేకుంటే నేను దాన్నే థీసిస్‌ల రాసి, ఎవరో దాన్ని నమ్మి ముంగటికి పోయేటోళ్లని భయం పట్టింది.

తర్వాత నేను ట్రయల్స్‌లకు వచ్చినప్పుడు ప్లాసిబో గ్రూపు (మందు లేని సూది పడేటోళ్లు) అంటే ఏందని నాకు ఎవ్వరు చెప్పే అక్కర రాలే. అది ఆ ఖాళీ లేనే.

పర్కాల_పిల్లగాడు · మంగళవారం, రాత్రి 9:05

అక్కా, ఇది చదివి నేను మా ప్రాజెక్టు జెల్ ఫొటోలు తీసి చూసిన. రెండిట్ల ఖాళీ లేన్ లేదు.

ల్యాబ్ నుంచి అటు ఎందుకు మారిన్రు? ఎవరన్న పంపిన్రా, మీరే పోయిన్రా?

నర్సంపేట_ఆడబిడ్డ · మంగళవారం, రాత్రి 10:20

నేనే పోయిన తమ్ముడూ. చెప్త.

కంపెనీల నా పని, ట్రయల్‌లకెళ్లి వచ్చే సీరంల (రక్తంలకెళ్లి తీసిన పసుపు నీళ్లు) టీకా వల్ల యాంటీబాడీలు ఎంత పెరిగినయో కొలుసుడు. డబ్బాల డ్రై ఐస్ పెట్టి చిన్న చిన్న వయల్స్ (సీసాలు) వస్తయ్. పేర్లుండయ్, నెంబర్లే. టీకా పడ్డదెవరికో, ప్లాసిబో పడ్డదెవరికో మాకు తెల్వదు, తెల్వద్దు. ఒకసారి పసిపిల్లల నమూనాలు వచ్చినయ్. వయల్ అడుగున అర మిల్లీలీటర్ సుత లేదు. నా పరీక్ష ఇంకా సరిగ కుదరలే, ప్లేటు ప్లేటుకు రీడింగ్ మారుతున్నది. మల్ల చేసిన, మల్ల చేసిన. మూడోసారికి కొన్ని వయల్స్ ఒట్టిగైనయ్.

మా సీనియర్ మేడం కోపం చెయ్యలే. "ఈ నెంబరు పిల్లను మల్ల సూదితో గుచ్చమని వాళ్లమ్మకు ఫోన్ జేస్తవా?" అని అడిగింది. గంతే. నేను వయల్ దిక్కు చూసుకుంట నిలవడ్డ. ఆ నెంబరు వెనుక ఒక పిల్ల ఏడ్చింది, ఒక తల్లి గట్టిగ పట్టుకుని కూసున్నది, ఒక నర్సు సన్నటి నరం దేవులాడింది. నేను పరీక్ష కుదుర్చుకోకుండనే దాన్ని పారవోసిన.

ఆ నెలల్నే సైట్‌కు, అంటే ట్రయల్ నడిచే ఆస్పత్రికి, పోతనని అడిగిన. నమూనా ఎట్ల తీస్తరు, ఎంతసేపు బయట ఉంటది, ఎవరు సంతకం పెట్టిస్తరు అన్నీ చూసిన. చూసినంక వాపస్ పోబుద్ది కాలే. ప్రోటోకాల్, అంటే ట్రయల్ ఎట్ల నడవాలె అనే ప్లాన్, రాసేకాడ కూసున్న. ఎవరిని తీసుకోవాలె, ఎవరిని తీసుకోవద్దు, ఏ నాడు రక్తం తియ్యాలె, ఎంత తియ్యాలె, ఏది వస్తే గెలిచినట్టు, ఏది వస్తే ఓడినట్టు. ఈ గెలుపు ఓటమి లెక్క మొదటి మనిషికి సూది పడకముందే కాగితం మీద రాసి పెట్టాలె. ఫలితాలు చూసినంక మార్చుడు ఉండది. నాకు ఈ పనిల అన్నిటికన్న నచ్చింది గదే.

ఓరుగల్లు_విశ్రాంత_అధ్యాపకుడు · బుధవారం, ఉదయం 6:10

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం ఒక ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యుడిని. నియమాల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు చెందనివారై ఉండాలి. వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, మహిళ ఒకరు తప్పక ఉండాలి. మొదట్లో నేను మౌనంగా కూర్చునేవాణ్ని. ఒకరోజు ట్రయల్‌లో చేరేవాళ్లు సంతకం పెట్టే తెలుగు అంగీకార పత్రం చదివితే నాకే అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్లు తెలుగు మీడియంలో సైన్స్ చెప్పినవాడిని. నాకే అర్థం కానిది మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి ఎలా అర్థమవుతుంది? ఆ మాటే కమిటీలో అన్నాను. పత్రం వెనక్కి పంపారు. అప్పటినుంచి నా పని నాకు తెలిసింది.

పర్కాల అబ్బాయికి ఒక మాట. మందు ల్యాబ్ నుంచి మనిషి దాకా వెళ్లే తోవ చూడాలన్నావు. అది ఎంత పొడవో తెలుసుకో. మన పిల్లలకు విరేచనాలు రాకుండా వేసే రోటావ్యాక్ చుక్కలకు మూలమైన వైరస్ రకం 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన శిశువుల నుంచి దొరికింది. ఆ శిశువుల్లో వైరస్ ఉన్నా జబ్బు లేదు. అదే కీలకం. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ దాన్ని టీకాగా తయారుచేసింది. ఢిల్లీ, పుణే, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద మూడో దశ ట్రయల్ జరిగింది. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి, 2016లో ప్రభుత్వ టీకాల జాబితాలో చేరింది. ముప్ఫై ఏళ్లు! తొలినాటి శాస్త్రవేత్త జుట్టు నెరిసిపోయేంత కాలం. ఇందులో ఏ ఒక్కరూ మొత్తం తోవ నడవలేదు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందింది.

ములుగు_ఆశా_అక్క · బుధవారం, మధ్యాహ్నం 2:45

నేను ఆశా వర్కర్‌ను. మీ అంత చదువు లేదు. ఊర్ల ఇంటింటికి పోయి బోదకాలు మాత్రలు మింగిపిచ్చేది మేమే. ముంగటనే మింగాలె, చేతికిచ్చి రావద్దు అంటరు. జనం ఏమంటరో తెలుసా? "మాకు కాలు మంచిగనే ఉన్నది, మామీద ఏం ప్రయోగం చేస్తున్రు?" అంటరు.

వాళ్లది తప్పని నేను అనను. 2009ల, 2010ల ఖమ్మం దిక్కు ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ సూదులు ఏసిన ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటరు. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రులను అడగకుండ వార్డెన్లతోని సంతకాలు పెట్టిపిచ్చిన్రని బయటపడ్డది. పిల్లలు చచ్చిపోయింది ఆ సూదితోని కాదని డాక్టర్లు తర్వాత చెప్పిన్రు. మరి అడగకుండ ఏసిన సంగతి? దానికి నేను ఏం జవాబు చెప్పాలె? ఎవరో చేసిన పనికి గుమ్మం కాడ మాట పడేది మేము.

ఓరుగల్లు_విశ్రాంత_అధ్యాపకుడు · బుధవారం, సాయంత్రం 5:30

తల్లీ, మీరు మింగించే ఆ డీఈసీ మాత్ర గురించి ఒక్క సంగతి చెబుతాను, గుమ్మం దగ్గర పనికొస్తే వాడుకోండి. అది మన తెలుగువాడి నాయకత్వంలో వచ్చిన మందు. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు ఆయన బృందం తెచ్చింది ఈ బోదకాలు మందు. ఫోలిక్ యాసిడ్ తయారీ, పిల్లల రక్త క్యాన్సర్‌కి మొట్టమొదట పనిచేసిన అమినోప్టెరిన్, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా అక్కడివే. అదే ఏడాది ఆయన చనిపోయారు. మద్రాసులో చదివేటప్పుడు ఖద్దరు కట్టాడని ఎంబీబీఎస్ బదులు తక్కువ డిగ్రీ చేతిలో పెట్టారు.

ఆయన స్వయంగా చేసిన ప్రయోగాలు గొప్పవే. నాకు అంతకన్నా గొప్పగా తోచేది, మిగతావారి చేత చేయించినవి. ల్యాబ్‌లో దొరికిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టర్ చేతికి అందించారు. అది మంచం మీద ఉన్న పిల్లవాడి దాకా పోయింది. ఈ చర్చలో మనం మాట్లాడుకుంటున్న ఉద్యోగానికి అప్పట్లో పేరు లేదు.

నర్సంపేట_ఆడబిడ్డ · బుధవారం, రాత్రి 9:15

ఆశా అక్కా, మీరడిగిన దానికి నా దగ్గర ఒక్కటే జవాబు ఉన్నది. అడగకుండ ఏసుడు తప్పే. మందు మంచిదైనా తప్పే. ఈ మాట మీరు గుమ్మం కాడ చెప్పుండ్రి. "అది తప్పే, నేను మాత్రం మిమ్మల్ని అడుగుతున్న, వద్దంటే పోత" అని. బోదకాలు మాత్ర ప్రయోగం కాదు, దశాబ్దాల నుంచి వాడుతున్న మందని తర్వాత చెప్పుండ్రి. ముందు తప్పు ఒప్పుకుంటేనే తర్వాతి మాట ఇంటరు.

సుబేదారి డాక్టర్ గారు హద్దు చెప్పిన్రు, అది నిజం. నేను ఎంబీబీఎస్ కాదు. నా టీమ్‌ల మెడికల్ మానిటర్ డాక్టరే ఉంటరు. మనిషి ఒంటి మీద ఏదన్న వస్తే ఆయన మాటే చివరి మాట, నేను పెద్ద కుర్చీల ఉన్నా సరే. నా పని వేరే. టీకా ఎట్ల పనిచేస్తదో నాకు ల్యాబ్ నుంచి తెలుసు కాబట్టి, ఏం కొలవాలె, ఎప్పుడు కొలవాలె, ఆ కొలతను ఎంత నమ్మాలె అనేది నేను చూస్త. స్టాటిస్టిక్స్ వాళ్లు, డేటా వాళ్లు, రెగ్యులేటరీ వాళ్లు, సైట్ వాళ్లు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేటట్టు చెప్పుడు సుత నా పనే. రోజుల సగం గిదే.

హన్మకొండ_క్యూసీ · బుధవారం, రాత్రి 9:50

మేడం, ఒకటి అడుగుత. పెద్ద కుర్చీల ఉన్నప్పుడు మీరు తీసుకున్న అన్నిటికన్న కష్టమైన నిర్ణయం ఏంది? కంపెనీల మాకు కింది నుంచి ఏం కనవడది. ఒక ప్రాడక్ట్ ఉంటది, ఒకనాడు ఉండది.

నర్సంపేట_ఆడబిడ్డ · బుధవారం, రాత్రి 11:10

ఆపుడు.

ఒక టీకా రెండో దశల ఉన్నది, అంటే వందల మందిల డోసు, యాంటీబాడీలు చూసే దశ. పెద్దోళ్లల్ల యాంటీబాడీలు మంచిగ వచ్చినయ్, చిన్నపిల్లలల్ల తక్కువ వచ్చినయ్. మేం ముందు రాసి పెట్టుకున్న గీతకు జర కింద. జరనే. మూడో దశకు అంతా సిద్ధంగ ఉన్నది. మూడో దశ అంటే వేల మంది. కొవాక్జిన్ మూడో దశల 25,798 మంది చేరిన్రు, గంత పెద్ద పని అది. సైట్లు, డాక్టర్లు, టీకా బ్యాచ్‌లు, పైసలు అన్నీ కదిలినంక ఆపుడు మస్తు కష్టం. మీటింగ్‌ల ఒకాయన, ఆయన చెడ్డోడు కాదు, "రెండు వయసులూ కలిపి చూస్తే గీత దాటుతున్నది కదా" అన్నడు. లెక్క తప్పు లేదు. కలిపితే దాటుతది.

నాకు కిటికీ కాడి జెల్ యాదికొచ్చింది. నేను ఎంత ఆశతోని ఆ గీతను చూసిననో, ఆయన గూడ గంత ఆశతోనే చూస్తున్నడు. నేను లేచి, పిల్లల ఫలితం ఒక్కటే ఒక స్లైడ్ మీద పెట్టమన్న. పెట్టినంక ఎవ్వరు మాట్లాడలే. డోసు మార్చి పిల్లలల్ల మల్ల రెండో దశ చెయ్యాలని రాసి సంతకం పెట్టిన. రెండేండ్లు వెనుకకు పోయినం. నా టీమ్ నుంచి ఇద్దరు మంచి పిల్లలు వేరే కంపెనీలకు పోయిన్రు, ఇక్కడ ఏం జరుగతలేదని. అది నాకు ఇప్పటికీ బాధ. సంతకం గురించి మాత్రం ఒక్క రాత్రి సుత నిద్ర చెడలే.

ఆ టీకా తర్వాత ఏమైందని అడగకుండ్రి, చెప్తే సంస్థ తెలిసిపోతది.

జమ్మికుంట_తమ్ముడు · గురువారం, ఉదయం 8:00

మేడం, మా అన్నకు మీరు రాసింది చదివి ఇనిపిచ్చిన. "ఎవరన్న గట్ల ఆపేటోళ్లు ఉంటరని నాకు తెల్వదు" అన్నడు. ఇంకొకటి అడిగిండు. అక్కడ ఇంగ్లీషుల కాగితాలు, తెలుగు కాగితాలు రెండు ఇస్తరట. తెలుగుది ఎన్నడూ చదవలే అన్నడు. ఎందుకు అంటే, "అది తెలుగే గని మన తెలుగు కాదు" అన్నడు.

నర్సంపేట_ఆడబిడ్డ · గురువారం, రాత్రి 8:45

మీ అన్న సరిగ్గ చెప్పిండు. నేను ఇప్పుడు ఒక అంగీకార పత్రం మీదనే కూసున్న. పద్ధతి ఏందంటే, ఇంగ్లీషుల రాసింది తెలుగుల చేస్తరు. ఆ తెలుగును వేరే మనిషి, మొదటిది చూడకుండ, మల్ల ఇంగ్లీషుల చేస్తడు. రెండు ఇంగ్లీషులు కలిస్తే సరే అంటరు. ఈ పద్ధతిల ఎంత కఠినమైన తెలుగు రాస్తే గంత సులువుగ పాసయితది. మనిషికి అర్థమైందా అని అడిగేటోళ్లు ఉండరు.

ఒక వాక్యం ఇస్తున్న. మీరందరు మార్చుండ్రి: "పరిశోధనలో పాల్గొనువారు యాదృచ్ఛిక విధానమున రెండు సమూహములలో ఒకదానికి కేటాయించబడుదురు."

హన్మకొండ_క్యూసీ · గురువారం, రాత్రి 9:00

"మీకు టీకా వస్తదా, ఉత్త సూది వస్తదా అనేది లాటరీ తీసి చూస్తరు."

ఓరుగల్లు_విశ్రాంత_అధ్యాపకుడు · గురువారం, రాత్రి 9:20

లాటరీ వద్దు నాయనా. లాటరీ అంటే గెలుపు, బహుమతి. టీకా వచ్చినవాడు గెలిచాడని, రానివాడు నష్టపోయాడని అర్థమొస్తుంది. టీకా మంచిదో కాదో ఇంకా తెలియదు కనుకే కదా ట్రయల్. "రూపాయి బిళ్ల ఎగరేసినట్టు, బొమ్మా బొరుసూ ఏది పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు" అంటే ఎలా ఉంటుంది?

ములుగు_ఆశా_అక్క · గురువారం, రాత్రి 9:45

"ఉత్త సూది" అంటే మా ఊర్ల కోపానికొస్తరు. ఉత్తగ గుచ్చుతున్రా అంటరు. "మందు లేని సూది, ఉప్పునీళ్లది, సెలైన్ బాటిల్‌ల ఉండేదే" అని చెప్తే తెలుస్తది. సెలైన్ అందరికి ఎరుక. ఇంకొకటి, డాక్టర్‌కు సుత తెల్వదని రాయుండ్రి. లేకుంటే "డాక్టర్ సార్‌కు తెలిసినోళ్లకే అసలుది ఏసిన్రు" అంటరు.

సుబేదారి_డాక్టర్ · గురువారం, రాత్రి 10:10

ఆశా అక్క చెప్పింది అక్షరాలా నిజం. నన్ను ఆ మాట ముఖం మీదే అడిగారు. ఇంకోటి కూడా ముందే చెప్పాలి: ట్రయల్ వల్ల ఏమైనా అయితే వైద్యం ఖర్చు పేషెంట్ పెట్టుకోడు, మధ్యలో మానేసినా అతనికి అందాల్సిన మామూలు వైద్యం ఆగదు. ఇవి పదకొండో పేజీలో ఉంటాయి. మొదటి పేజీకి రావాలి.

నర్సంపేట_ఆడబిడ్డ · గురువారం, రాత్రి 11:30

అందరి మాటలు కలిపి రాసిన: "మీకు టీకా సూది పడొచ్చు, లేదా మందు లేని ఉప్పునీళ్ల సూది పడొచ్చు. రూపాయి బిళ్ల ఎగరేస్తే బొమ్మ పడుతుందో బొరుసు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇదీ అంతే. ఏది పడిందో మీకు తెలియదు, సూది వేసే నర్సుకూ డాక్టర్‌కూ తెలియదు. టీకా పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికే ఈ పని."

పర్కాల తమ్ముడూ, నీకొక పని. మీ ఇంట్ల చదువురాని పెద్దమనిషి ఎవరన్న ఉంటే ఇది చదివి ఇనిపియ్యి. "అర్థమైందా" అని అడగకు, అందరు అయ్యిందనే అంటరు. "నేను చెప్పింది నువ్వు మల్ల నాకు చెప్పు" అని అడుగు. ఏం చెప్పిన్రో ఉన్నదున్నట్టు రాయి.

డిప్లొమా సంగతి నీకు తెలిసే ఉంటది ఈపాటికి. నెట్‌కు చదువు. దానితోపాటు ఏదన్న ఆస్పత్రిల సైట్ కోఆర్డినేటర్ పని దొరికితే ఆర్నెల్లు చెయ్యి. పీహెచ్‌డీకి పోయేముందు ఒక్కసారైన సంతకం పెట్టే మనిషి ముంగట కూసో.

పర్కాల_పిల్లగాడు · శనివారం, ఉదయం 10:25

బాపుకు డిప్లొమా వద్దని చెప్పిన. ఏమనలే. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలుకుంట "మరి ఏం చేస్తవ్" అని మాత్రం అడిగిండు. నెట్‌కు ఫీజు కట్టిన.

నిన్న రాత్రి మా బాపమ్మకు చదివిన. అరుగు మీద కూసోని పొగాకు నలుపుకుంట ఇన్నది. మల్ల చెప్పమంటే గిట్ల చెప్పింది: "రెండు సూదులు. ఒకటి మందుది, ఒకటి నీళ్లది. రూపాయి ఎగరేస్తరు. డాక్టర్‌కు సుత ఎరుక లేదు. అది మంచిదో చెడ్డదో సూడనీకె." గింతే చెప్పింది అక్కా, తప్పు పోలే.

జర ఆగి నన్ను అడిగింది: "అంత అయినంక నాకు ఏ సూది పడ్డదో చెప్తరా? నీళ్లదే పడ్డదంటే, మందు మంచిదే అని తేలితే, మల్ల పిలిచి నాకు అసలుది ఏస్తరా?"

నాకు జవాబు తెల్వలే. మీరు ఇచ్చిన దాంట్ల లేదు.

నర్సంపేట_ఆడబిడ్డ · శనివారం, మధ్యాహ్నం 1:40

లేదు తమ్ముడూ. ఫారం మొత్తం ఇప్పుడే మల్ల చదివిన. ఇంగ్లీషుల "ట్రయల్ ముగిసిన తర్వాతి ఏర్పాట్లు స్పాన్సర్ విధానం ప్రకారం" అని ఒక్క ముక్క ఉన్నది. తెలుగుల అది సుత పోయింది. మా టీమ్‌ల నలుగురం చదివినం, ఎవ్వరం పట్టలే.

బాపమ్మ అడిగిన రెండు ప్రశ్నలు ఆమె అడిగినట్టే పెట్టి, కింద జవాబు రాయమని సోమవారం టీమ్‌ల పెడ్త. జవాబు "ఏస్తం" అని రాయాలంటే కంపెనీ మాట ఇయ్యాలె, దానికి లెక్కలున్నయ్, నేను కొట్లాడుత. ఏది తేలినా సరే, అది కాగితం మీద ఉండాలె. మారిన ఫారం ఎథిక్స్ కమిటీ మల్ల చూసి ఒప్పుకున్నంకనే సైట్‌లకు పోతది, దానికి నెల పడొచ్చు. మొదటి సూది నెల వెనుకకు జరపమని ఇప్పుడే మెయిల్ పెట్టిన.